రోగి పడక చెంత పాట

విస్సన్నపేట, నూజివీడు ప్రాంతముల పేరు చెప్పినంతనే ఎవరికైనను ముందుగా మామిడి జ్ఞప్తికి వచ్చును. చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి, కలెక్టరు అను పేర్లు ఆ సీమలో పసిపిల్లలకును నోటికి వచ్చును. ఆ తోటల నడుమ, నూజివీడులో, మరియొక వృత్తియు తరతరములుగా సాగుచు వచ్చినది. అది పనసకొయ్యను తొలిచి, మైనముపై మెట్లు నిలిపి, వీణలు చేయు వృత్తి. బొబ్బిలి వీణ వలెనే నూజివీడు వీణయు తెలుగునాట పేరు గాంచినది.

ఊరిలో ఎవరైన జబ్బుపడినచో చూడబోవువారు చేతిలో నాలుగు పండ్లు పట్టుకొని పోవుదురు. వీణ పట్టుకొని పోవువారు లేరు. అయినను రోగికిని సంగీతమునకును గల సంబంధము పండునకు గల సంబంధము కంటె తక్కువది కాదు, క్రొత్తదియు కాదు. నేడు దానిని సంగీత చికిత్స అని పిలుచుచున్నారు. కొన్ని దేశములలో అది విశ్వవిద్యాలయములలో పట్టముల కొరకు చదువు విద్య. ఆసుపత్రులలో జీతమునకు నియమింపబడువారు చేయు ఉద్యోగము.

ఈ చికిత్సను గురించి మన నాట రెండు మాటలు వినబడుచుండును. ఫలాన రాగము ఫలాన రోగమును కుదుర్చునని పట్టీలు వ్రాసి చెప్పువారు కొందరు. ఇదంతయు వట్టి భ్రమ, పాటతో జ్వరము దిగునా అని తోసివేయువారు మరికొందరు. చరిత్రను కొంచెము ఓపికతో పరిశీలించినచో ఈ రెండింటికిని భిన్నమైన మూడవ సమాధానము కనబడుచున్నది. దానిని చెప్పినవాడు మన ఆయుర్వేదమునకు మూలపురుషులలో ఒకడైన చరకుడే.

చరకసంహితలో సూత్రస్థానమున పదునైదవ అధ్యాయము ఒకటి కలదు. రోగికి వమన విరేచనములు చేయించుటకు ముందు వైద్యుడు ఏయే సంభారములు సమకూర్చుకొనవలెనో అందు చెప్పబడినది. ఇల్లు గట్టిగా ఉండవలెను; ఈదురుగాలి కొట్టరాదు; పొగయు, దుమ్మును, ఎండయు సోకరాదు. ఆ పిమ్మట పరిచారకుల వరుస వచ్చును. వంటవారు, స్నానము చేయించువారు, ఒళ్లు పట్టువారు, రోగిని లేవనెత్తి పరుండబెట్టువారు, మందులు నూరువారు కావలెను. ఈ వరుసలోనే పాటయందును, వాద్యమునందును, శ్లోకములు, గాథలు, కథలు, పురాణములు చెప్పుటయందును నేర్పుగలవారు, రోగి మనసెరిగి మెలగువారు ఉండవలెనని చరకుడు విధించెను.

ఇందు గమనింపవలసినది ఒకటి కలదు. చరకుడు పాటను మందుల పట్టీలో వ్రాయలేదు. పరిచారకుల పట్టీలో వ్రాసెను. కషాయము చేయు పని పాట చేయునని ఆయన చెప్పలేదు. రోగిని చేయిపట్టి లేవనెత్తువాడు ఎట్లో, ఆతని మనస్సును లేవనెత్తువాడు అట్లు అని మాత్రమే ఆయన భావము. పాట ఔషధము కాదు, ఉపచారము. సంగీత చికిత్స చరిత్ర అంతయు ఈ ఒక్క భేదము చుట్టును తిరుగుచున్నదని చెప్పవచ్చును.

ఆ అధ్యాయమునందే మరియొక మాటయు కలదు. ఈ సంభారమంతయు రాజునకో, రాజువంటి వానికో, మిక్కిలి ధనవంతునకో చెప్పబడినది. బీదవానికి ఇవన్నియు ఎట్లు సమకూరును? రోగములు బీదవానిని విడిచిపెట్టవు కదా! అందుచేత అట్టివాడు తనకు దొరికిన దానితోనే చికిత్స చేయించుకొనవచ్చునని చరకుడు దయతో అనుమతించెను. మందు బీదవానికిని దక్కినది. గాయకుడు మాత్రము ధనవంతుని ఇంటనే నిలిచిపోయెను. ఆ గాయకుడు బీదవాని మంచము దాక నడచి వచ్చుటకు చాలకాలము పట్టినది.

మన ఆంధ్రదేశమున ఆరోగ్యశాలల చరిత్ర తలచునపుడు మల్కాపురము శాసనమును తలపక తప్పదు. ప్రస్తుతము రాష్ట్ర సచివాలయమున్న వెలగపూడికి చేరువనే ఆ గ్రామము కలదు. 1261లో, కాకతి రుద్రమదేవి ఏలుబడిలో వేయబడిన ఆ శాసనము విశ్వేశ్వర శివాచార్యులు నెలకొల్పిన ధర్మసంస్థను వర్ణించుచున్నది. అందు దేవాలయము, మఠము, విద్యాశాల, అన్నసత్రము కలవు. వానితోపాటు ప్రసూతిశాలయు, ఆరోగ్యశాలయు కలవు. ఆ సంస్థ పోషించిన వారిలో నర్తకులు, మద్దెల వాయించువారు, గాయనులు కూడ కలరు. వారు దేవుని సన్నిధిని పాడుటకు నియమింపబడినవారు; రోగుల చెంత పాడిరని శాసనము చెప్పదు. కాని వైద్యుడును గాయకుడును ఒకే ధర్మము క్రింద, ఒకే ప్రాంగణమున జీవించిన రోజులు మన కృష్ణాతీరమున ఉండెనని చెప్పుటకు ఆ రాతికంటె వేరు సాక్ష్యము అక్కరలేదు.

గాయకులను నిజముగనే రోగుల కొరకు నియమించిన ఆరోగ్యశాల తురుష్క దేశమున కనబడుచున్నది. ఎదిర్నె నగరమున సుల్తాను రెండవ బాయజీదు కట్టించిన వైద్యశాల 1488లో పూర్తియైనది. పదునేడవ శతాబ్దమున దానిని దర్శించిన ఎవ్లియా చెలెబి అను యాత్రికుడు, అచట మనోవ్యాధులు గలవారికిని ఇతర రోగులకును వినిపించుటకై పదిమంది గాయకులును వాద్యకారులును నియమింపబడియుండిరనియు, వారు వారమునకు మూడుమారులు కచేరి చేయుచుండిరనియు వ్రాసెను. గుమ్మటము క్రింద నీటి చిమ్మనగ్రోవి చప్పుడు, పూలతోట పరిమళము, సంగీతము ఈ మూడును అచట మందులకు తోడుగ నుండెను. ఆ కట్టడము నేడు వైద్య చరిత్రను చూపు ప్రదర్శనశాలగా నిలిచియున్నది.

మన సంగీత సంప్రదాయమున మరియొక రకపు కథలు వెలసినవి. త్యాగరాజస్వామి బిలహరి రాగమున రచించిన ‘నా జీవాధార’ కృతిని పాడి ప్రాణము పోయినవానిని బ్రతికించిరని చెప్పుదురు. ముత్తుస్వామి దీక్షితులు తంబియప్ప అను శిష్యుని కడుపునొప్పి పోగొట్టుటకు గురుగ్రహముపై అఠాణ రాగమున కృతి రచించిరని చెప్పుదురు. ఇవి భక్తుల కథలు. భక్తి దృష్టితో వినదగినవి. ఆ మహనీయులు గానమును దైవసేవగా ఎంచిరే గాని వైద్యవృత్తిగా ఎంచలేదు. వారి కథలను మందుల చీటీగా మార్చుట వారి గౌరవమును పెంచదు.

ఆధునిక కాలమున ఈ విషయమును వైద్యశాల నడుమ నిలిచి ఆలోచించిన తొలి వ్యక్తులలో ఫ్లారెన్సు నైటింగేలు ఒకరు. 1859లో వెలువడిన తన పరిచర్యా గ్రంథమున ఆమె, రోగి చెంత అనవసరపు చప్పుళ్లు చేయుట క్రూరత్వమని గట్టిగా మందలించెను. ఆ సందర్భముననే సంగీతమును గురించి కొన్ని మాటలు చెప్పెను. మనుష్య కంఠము, పిల్లనగ్రోవి వంటి వాద్యములు, నాదము తెగక సాగు తంత్రీవాద్యములు రోగికి హాయి గూర్చుననియు, నాదము తునుకలుగా వినిపించు పియానో వంటివి అందుకు విరుద్ధముగ పనిచేయుననియు ఆమె అనుభవము. మన వీణలో తంత్రిని మీటిన పిదప వ్రేలితో దానిని లాగి గమకము పలికించుటచే నాదము తెగక పారుచుండును. ఆమె దానిని విని యుండినచో ఏ వరుసలో చేర్చియుండెడిదో శ్రోతలే ఊహింపగలరు.

అయితే నైటింగేలు ఇంకొకటి కూడ ఒప్పుకొనెను. సంగీతము చాల ఖర్చుతో కూడినది కావున ఆసుపత్రులలో అందరికిని అందించుట ఆ రోజులలో అసాధ్యమని ఆమె వ్రాసెను. చరకుని కాలమున ధనవంతుని ఇంట నిలిచిపోయిన గాయకుడు పందొమ్మిదవ శతాబ్దమున కూడ అచటనే యున్నాడన్నమాట!

ఆ అడ్డును తొలగించినవి రెండు యంత్రములు. 1877లో ఎడిసను కనుగొన్న ఫోనోగ్రాఫు మొదటిది. 1914లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమునకు చెందిన ఇవాన్ కేన్ అను శస్త్రవైద్యుడు, శస్త్రచికిత్స గదిలో ఫోనోగ్రాఫు ఉంచి రోగుల భయమును తగ్గించుచున్నట్లు అచటి వైద్య సంఘ పత్రికకు వ్రాసెను. రెండవ యంత్రము రేడియో. 1925లో ఇంగ్లండులోని యార్కు నగరపు ఆసుపత్రిలో రోగులు వినుటకై ప్రత్యేక ప్రసార సదుపాయము ఏర్పడినది. మంచములో కదలలేక పడియున్న కూలివాడు చెవులకు హెడ్‌ఫోను తగిలించుకొని సంగీతము వినగలిగెను. రాజునకు మాత్రమే చెల్లిన ఉపచారము సామాన్యునికి దక్కినది.

రెండు ప్రపంచ యుద్ధములు ఈ విద్యకు శాస్త్రరూపము కల్పించినవి. గాయపడి, మనసు చెదరి తిరిగి వచ్చిన సైనికులతో ఆసుపత్రులు నిండినవి. వారి యెదుట పాడుటకు వచ్చిన గాయకులకు పాట తెలియును గాని రోగి సంగతి తెలియదు. ఆ కొరత తీర్చుటకై 1944లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్ర కళాశాల సంగీత చికిత్సలో తొలి పట్టపు చదువును ప్రారంభించెను. 1946లో కాన్సస్ విశ్వవిద్యాలయము ఆ దారి పట్టెను. 1950లో ఆ దేశమున ఈ వృత్తివారి జాతీయ సంఘము ఏర్పడినది. 1958లో బ్రిటనులో జూలియెట్ ఆల్విన్ అను సెల్లో విద్వాంసురాలు అట్టి సంఘమును స్థాపించెను.

మన తెలుగునాట ఈ పని వేరొక త్రోవను నడచినది. 1919లో విజయనగర సంస్థానాధీశుడు విజయరామ గజపతిరాజు సంగీత కళాశాలను స్థాపించెను. చూపులేని ఒక బాలుని, తన ఆస్థానోద్యోగి చాగంటి జోగారావు గారి కుమారుని, సంగీత విద్య కొరకే దానిని ప్రారంభించెనని ప్రసిద్ధి. హరికథా పితామహుడు ఆదిభట్ట నారాయణదాసు గారు దానికి తొలి అధ్యక్షులు. అచట వాయులీనము నేర్పుటకు వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడు గారికి చిన్ననాటి నుండియు చూపు మందము. ఆ కారణముననే బడి చదువు ఆగిపోగా, అన్నగారు చేతికి ఫిడేలు ఇచ్చిరి. చూపు తిరిగి రాలేదు. జీవితము మాత్రము తిరిగి వచ్చినది. ఆ కళాశాలలోనే ఘంటసాల వెంకటేశ్వరరావు గారు చదువుకొనిరి. ఒక అంధబాలునికై తెరచిన తలుపు గుండా ఎంత గానము లోకములోనికి వచ్చినదో చూడుడు! రోగము కుదురకున్నను మనిషి కుదుటపడుట అను మాటకు ఇంతకంటె మంచి ఉదాహరణము మన చరిత్రలో లేదు.

1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రము ప్రారంభమైనది. ఉదయమున భక్తిరంజని మ్రోగుచుండగా పనులు మొదలిడిన ఇండ్లు కృష్ణా మండలమున ఎన్నియో. ఆ కార్యక్రమమునకు ప్రాణము పోసినవారిలో ముఖ్యులైన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు విజయవాడలోనే పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి శిష్యులై త్యాగరాజ శిష్యపరంపరకు చెందినవారు. తరువాతి కాలమున ఆయన సంగీత చికిత్సపై పరిశోధన ముఖ్యోద్దేశములలో ఒకటిగా తన పేర ఒక ధర్మనిధిని నెలకొల్పిరి. 2016లో దివంగతులగు వరకును ఆ ఆశ ఆయనను విడువలేదు.

ఇక శాస్త్రజ్ఞుల పరీక్షలో ఏమి తేలినది? 2015లో లాన్సెట్ అను వైద్య పత్రికలో ఒక సమీక్ష వెలువడినది. శస్త్రచికిత్స పొందిన రోగులపై జరిపిన 73 పరీక్షల ఫలితములను అందు కూర్చి చూచిరి. సంగీతము విన్నవారికి నొప్పియు ఆందోళనయు తగ్గినవి. నొప్పి మందుల అవసరమును తగ్గినది. కాని ఆసుపత్రిలో ఉండవలసిన దినములు తగ్గలేదు. ఏ రకపు సంగీతము అనునది ఫలితమును పెద్దగా మార్చలేదు. ఈ చివరి రెండు మాటలను రాగములకు రోగములు కట్టబెట్టువారు గుర్తుంచుకొనవలెను. గాయము మానుటకు పట్టు కాలము పట్టవలసినదే. ఆ కాలమును సహించుటకు పాట తోడ్పడును.

2008లో వెలువడిన ఒక పరిశోధనలో ఫిన్లండు దేశమున పక్షవాతము వచ్చిన 60 మందిని మూడు జట్లుగా చేసిరి. తమకు నచ్చిన సంగీతమును దినదినము వినిన జట్టువారికి జ్ఞాపకశక్తియు, మనసు నిలుపు శక్తియు ఎక్కువగా మెరుగుపడినవి. దిగులు తక్కువగ నుండెను. మాట పడిపోయినవారు కొందరు మాటలాడలేరు గాని పాటను పాడగలరు. మాటకు ముఖ్యాధారము మెదడు ఎడమ భాగమున నుండగా పాటలో కుడి భాగమును పాలుపంచుకొనుటయే దీనికి కారణముగా భావించి, రాగయుక్తముగా పలికించి మాట నేర్పు పద్ధతిని 1973లో అమెరికాలోని బోస్టను వైద్యులు ప్రకటించిరి. వణుకుడు వ్యాధి గలవారు తాళమునకు అనుగుణముగ అడుగు వేయుట అభ్యసించినచో నడక వేగము పెరుగునని 1996లో వెలువడిన పరిశోధన చూపినది. దంపుళ్ల పాటకు రోకలి పోటు, ఊడ్పుల పాటకు చేతి కదలిక ఎట్లు కుదురునో మన పల్లె స్త్రీలకు ఏనాడో తెలియును. దేహము తాళమును వెదకుకొనును. దొరికినచో దాని వెంట నడచును.

2013లో వెలువడిన, అమెరికాలోని 11 ఆసుపత్రులలో, నెలలు నిండకుండ పుట్టిన 272 మంది శిశువులపై జరిగిన పరిశోధన అన్నింటికంటె మనసునకు హత్తుకొనునది. తలిదండ్రులు తమకు ప్రియమైన పాటను ఎంచుకొనగా, దానిని జోలగా మలచి శిశువుల చెంత మెల్లగ పాడిరి. శిశువుల గుండె వేగము నెమ్మదించినది. పాలు త్రాగు తీరు మెరుగైనది. తలిదండ్రుల ఆందోళనయు తగ్గినది. ఉయ్యాల తాడు పట్టుకొని జోలపాడు తెలుగు అమ్మమ్మకు ఈ వార్త చెప్పినచో ఆమె ఆశ్చర్యపడక నవ్వును.

మనోవ్యాధుల విషయమునను ఇదే తీరు. దిగులు వ్యాధిపై జరిగిన పరీక్షలను 2017లో సమీక్షించినవారు, మామూలు చికిత్సకు సంగీత చికిత్సను జోడించినచో ఆ చికిత్స ఒక్కటియే చేసినదానికంటె కొంతకాలమైనను మేలు ఎక్కువగా కనబడినదని తేల్చిరి. జోడించినచో అను మాటను విడువరాదు. చరకుడు పరిచారకుల పట్టీలో వ్రాసినది పరిచారకుల పట్టీలోనే నిలిచినది.

ఈ భేదము మాటల పట్టింపు కాదు; ప్రాణముతో కూడినది. మధుమేహము గలవాడు ఫలాన రాగము వినుచున్నాను గదా అని మందు మానినచో, రక్తపు పోటు గలవాడు మాత్ర మాని వీణ క్యాసెట్టు పెట్టుకొనినచో, ఆ నష్టమునకు సంగీతము బాధ్యత వహింపలేదు. వైద్యుడు చేయవలసిన పనిని పాటపై మోపుట వైద్యమునకే గాక పాటకును అపచారము. అట్లే, రోగము కుదిర్పదు గావున సంగీతము నిరుపయోగమనుటయు అన్యాయమే. నీళ్లు అందించు చేయి రోగమును కుదుర్చునా? అయినను ఆ చేయి లేని రోగి గతి ఏమి?

విస్సన్నపేట వంటి ఊళ్ల నుండి పెద్ద జబ్బులకు విజయవాడ పోవువారు అనేకులు. పట్టణపు ఆసుపత్రిలో ఆ రైతునకు మందు ఉన్నది, యంత్రము ఉన్నది. ఊరి మాట లేదు, తెలిసిన ముఖము లేదు. తెల్లని గోడను చూచుచు గడియలు లెక్కించుటయే ఆతని పని. నొప్పి అట్టి వేళలనే రెట్టింపగును. ఆతనికి కావలసిన సంగీతము ఏది? బిలహరియు అఠాణయు ఆతడు ఎన్నడును విని యుండకపోవచ్చును. ఆతని సంగీతము ఊరి గుడి భజన కావచ్చును. రాత్రి తెల్లవార్లు విన్న బుర్రకథ కావచ్చును. రంగస్థలముపై విన్న పద్యము కావచ్చును. తోటకాపలా నాడు మంచె మీద విన్న ఘంటసాల పాట కావచ్చును. రోగి మనసెరిగి మెలగువాడే పరిచారకుడన్న చరకుని నియమము పాటకును వర్తించును. మనకు నచ్చినది వినిపించుట కచేరి. రోగికి నచ్చినది వినిపించుట ఉపచారము.

కావున రేడియో గల గృహస్థులు జ్ఞాపకముంచుకొనదగిన సంగతులు కొన్ని కలవు. రోగిని అడుగక సంగీతము పెట్టరాదు. వద్దన్న క్షణమున ఆపవలెను. ధ్వని తగ్గించియుండవలెను, పది పడకలున్న గదిలో ఒకరి హాయి తొమ్మిదిమందికి బాధ కారాదు. పగలెల్ల మ్రోయించుట కంటె కట్టు మార్చుటకు ముందో, నిద్రపట్టని వేళనో అరగంట వినిపించుట మేలు. రోగి తానే గొంతు కలిపినచో మరియును మంచిది. మరపు వచ్చిన వృద్ధులకు, మనుమల పేర్లు జారిపోయినను, పడుచునాటి పాటల చరణములు తరచుగా నిలిచియుండును. ఆ దారిన వారిని పలుకరింపవచ్చును. మాట పడిపోయినవారికి, నడక తప్పినవారికి మాత్రము శిక్షణ పొందినవారి సాయము అవసరము. అది ఇంటివైద్యము కాదు.

రాజుల కొరకు వ్రాసిన పట్టీలోని గాయకుడు రేడియోలో ప్రవేశించి గుడిసెలోని మంచము వద్దకును రాగలిగినాడు. నైటింగేలు విచారించిన ఖర్చు నేడు అడ్డు కాదు. ఇక మిగిలినది మీట త్రిప్పుటకు ముందు రోగి ముఖము వైపు చూచి, ఏ పాట వినవలెనని ఉన్నదని అడుగుట. ఆ ప్రశ్నతోనే ఉపచారము మొదలగును. ఆ ప్రశ్న అడుగు మనిషి ప్రక్కన లేనిచో ఎంత గొప్ప గానమైనను గదిలో మరియొక చప్పుడు మాత్రమే.